తీసిపెట్టిన తలుపు

"చూడు వదినా, దగ్గరికొచ్చి చూడు. మంచాన పడి రెండేళ్ళు కావస్తోంది. ఒక్క పుండు… ఒక్కటంటే ఒక్క పుండు ఉందేమో వెతుకు."

అంటూనే అత్తగారు కోడలిని గోడవైపు ఒత్తిగిలించి, మీదున్న దుప్పటి లాగి పక్కన పడేసింది. వెనక నిలువునా చీల్చిన నైటీ కదా, పుస్తకం అట్టల్లా రెండు పక్కలకూ విడిపోయింది. వదినగారు కళ్ళజోడు సవరించుకుని వంగింది. ఆవిడ వెనకే టీ కప్పుతో గదిలోకి వచ్చేసిన ఆవిడ భర్త, ఎటు చూడాలో తెలియక, గోడమీది క్యాలెండరులో తారీఖులు చదవడం మొదలుపెట్టాడు.

గోడకు ముఖం ఆనించి పడుకున్న ఆ కోడలి బాధ ఏమని చెప్పేది… నడుము కింద ఆమెకు స్పర్శ లేదు. కానీ చూపు తగిలిందని తెలియడానికి స్పర్శ కావాలా? పరాయి మగవాడు గదిలో ఉన్నాడని మెడకు తెలుస్తుంది. చెవులు వేడెక్కి చెబుతాయి. ఇలాంటప్పుడల్లా ఆమె చేసేది ఒకటే. కళ్ళు మూసుకుని, ఇది నేను కాదు, ఈ ఒళ్ళు నాది కాదు, అని లోపల్లోపల అనుకుంటూ అది అయిపోయేదాకా ఉండిపోవడం. ఇవాళా కళ్ళు మూసుకుంది. కానీ ఎందుకో ఆ మాట మనసులోకి రాలేదు. ఇది నేనే కదా, అనిపించింది.

ఆమె కాళ్ళు పోయాయి గానీ చేతులు పోలేదు. బట్టలు కుట్టే కార్ఖానాలో పొద్దస్తమానం పెద్ద కత్తెర ఆడించిన చేతులవి. అక్కడ ఆమెను అందరూ కత్తెరమ్మ అనే పిలిచేవారు. ఆ చెయ్యి వెనక్కి వచ్చి అత్తగారి మణికట్టు పట్టుకుంది.

"దుప్పటి కప్పండి అత్తయ్యా."

"ఉండవే, మడమలు కూడా చూపించనీ. మడమలే ముందు పాడవుతాయని డాక్టరు…"

"కప్పండి. ఇంకోసారి నన్నడక్కుండా నా ఒంటిమీద బట్ట తీస్తే ఊరుకోను."

అత్తగారు దుప్పటి అందుకోలేదు. దుప్పటి కప్పింది క్యాలెండరు చదువుతున్న పెద్దాయనే, ముఖం అటు తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ. కప్పి గబగబా బయటికి నడిచాడు. కత్తెరమ్మ వదినగారి వైపు తిరిగి, "మీరూ బయటికెళ్ళండి. వెళ్తూ తలుపు…" అని ఆగిపోయింది.

వేసి వెళ్ళమనడానికి ఆ గదికి తలుపు లేదు.

* * *

ఆ తలుపు సంగతి చెప్పాలి.

కార్ఖానాలో మేడమీద నుంచి సరుకు దించే ఇనుప మెట్లున్నాయి. బట్ట తాను భుజాన వేసుకుని ఆ మెట్లు దిగుతూ కత్తెరమ్మ కాలు జారింది. వెన్ను విరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, గదిలో పెద్ద మంచం వేస్తే తలుపు లోపలికి తెరుచుకోక మంచానికి కొట్టుకుంది. ఆమె భర్త వడ్రంగి. చేతిలో పనే కదా, బందులు విప్పి తలుపు తీసి వంటింటి వెనక వసారాలో గోడకు చేరవేశాడు. నాలుగు రోజులు ఆగు, ఏదో ఒకటి చేస్తా, అన్నాడు. ఆ నాలుగు రోజులు రెండేళ్ళు సాగాయి. ఇప్పుడా తలుపు రెండు ఇటుక దిమ్మల మీద బల్లలా పడుకుని ఉంది. దానిమీద అత్తగారు గిన్నెలు బోర్లిస్తుంది. తలుపు లేకపోవడమే వీలుగా ఉందని ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. వంట చేస్తూ తొంగి చూడొచ్చు, ఒళ్ళు తుడుస్తూ పొయ్యిమీద పాలు చూసుకోవచ్చు.

అత్తగారు రాక్షసి అనుకునేరు, కాదు. అలాంటిదైతే ఈ కథ ఎప్పుడో తెమిలిపోయేది. ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే పొద్దునా సాయంత్రం కోడలిని ఎత్తి పక్క మార్చింది. ముద్ద కలిపి పెట్టింది, మలమూత్రాలు ఎత్తింది, ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఒకసారి ఆసుపత్రిలో డాక్టరు చూసి, "ఒక్క పుండు లేదమ్మా, మీరు చూసినట్టు మా నర్సులు కూడా చూడలేరు" అన్నాడు. ఆ మాట ఆవిడకు మెడలో వేసిన పతకమైంది. ఆనాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆ పతకం చూపించాల్సిందే. పక్కింటావిడకు చూపించింది, వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన భార్యకు చూపించింది. ఇవాళ వదినగారి వంతు. ఆ వదినగారి చెవిలో పడిన మాట సాయంత్రానికి చుట్టాలందరిళ్ళలో మోగుతుంది కనుక అందరూ వెనకాల ఆవిడను రేడియో అత్త అంటారు. పతకం రేడియోలో రావాలని అత్తగారి ఆశ.

చిక్కేమిటంటే, ఆ పతకం వేలాడేది కోడలి ఒంటిమీద.

ఇంకా ఎన్ని… వీలుగా ఉంటుందని నైటీలన్నీ వెనక చీల్చేసింది, అదీ వంటింటి కత్తెరతో, వంకరటింకరగా. పోగు తప్పకుండా గుడ్డ కోసిన మనిషికి ఆ వంకర కోతలు వీపు కింద ముళ్ళలా ఉండేవి. టీ తాగితే రాత్రి ఇబ్బందని సాయంత్రం టీ మానిపించింది. పాలవాడు గుమ్మంలో ఉండగానే వంటింట్లోంచి కేకేసి అడిగేది, "ఏమే, ఇవాళ కడుపు కదిలిందా?" పాపం ఆ పాలవాడు కూడా అలవాటుపడి, ఒకసారి కదలకపోతే రెండు అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళాడు. కత్తెరమ్మ ఆ పళ్ళు తినలేదు. ఎవరికి చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఇంత చేస్తున్న అత్తగారి మీద చాడీ చెబితే విన్నవాళ్ళు తన మీదే ఉమ్మేయరూ…

* * *

ఆ సాయంత్రం భర్త పనినుంచి వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా నిండా రంపం పొట్టు.

"అమ్మ వంటింట్లో ఏడుస్తోంది."

"వినబడుతూనే ఉంది. తలుపు లేదుగా."

"అంతమందిలో చెయ్యి పట్టుకుని ఆపావట. ఆవిడ చేసేది నీ మంచికే కదా."

"నా మంచి నన్నడిగి చెయ్యకూడదా?"

అతను తలగోక్కున్నాడు. "అలిగి పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోతే మన గతేంటి చెప్పు. నేను పనికెళ్తే నిన్నెవరు చూస్తారు? కాస్త సర్దుకో."

"సర్దుకుని సర్దుకుని మంచం అంచు దాకా వచ్చానండీ. ఇంకా సర్దుకుంటే కింద పడతాను."

అతను చొక్కా మీది పొట్టు దులుపుకున్నాడు. ఆమే అడిగింది, "ఇవాళ ఎక్కడ పని?"

"ఆ స్కూలు మేష్టారి కొత్తింట్లో. తలుపులు బిగించాం."

"అన్ని గదులకీనా?"

"అన్నిటికీ."

"స్నానాల గదికి కూడా?"

"దానికి పెట్టకుండా ఎలా…" అని నాలిక్కరుచుకున్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. దీపం కిందే చీకటి అంటారు. ఊరందరి సిగ్గుకూ తలుపులు బిగించే మనిషి, తన భార్యను మాత్రం గుమ్మానికెదురుగా పడుకోబెట్టాడు. అతను చెడ్డవాడా? కాదు, మెత్తనివాడు. మెత్తనివాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు పడే కష్టం ఆడవాళ్ళకే తెలుసు. గట్టివాడితో అయితే పోట్లాడొచ్చు. మెత్తనివాడు దూది సూదిని మింగినట్టు మాటను మింగేస్తాడు.

"తలుపు పెట్టండి," అంది ఆమె.

"అమ్మతో మాట్లాడతా," అన్నాడు. మాట్లాడలేదు.

* * *

మర్నాడు బడికి సెలవు. ఒక్కతే కూతురు, పిచ్చుక అని పిలుస్తారు, ఒక్కచోట కుదురుగా ఉండదు కనుక. ముందు గుమ్మంలో ప్లాస్టిక్ బొమ్మను పీటమీద పడుకోబెట్టి ఆడుకుంటోంది. పాలవాడు వచ్చాడు. పిచ్చుక బొమ్మను బోర్లా తిప్పి, గౌను పైకి ఎత్తి, అచ్చం నాన్నమ్మ గొంతుతో అంది:

"చూడు పాలబాబాయ్, ఒక్క పుండు లేదు. ఎంత కష్టపడ్డానో తెలుసా…"

పాలవాడు నవ్వాడు. వంటింట్లోంచి అత్తగారు కూడా నవ్వింది, నిన్నటి ఏడుపు మరిచి. కత్తెరమ్మ నవ్వలేదు. పిల్లను పిలిచింది. పిల్ల బొమ్మతో సహా వచ్చి మంచమెక్కింది. బొమ్మ గౌను వెనకాల నిలువునా చీల్చి ఉంది.

"ఇదెవరు చీల్చారే?"

"నేనే. నాన్నమ్మ కత్తెరతో. వీలుగా ఉంటుంది."

"పాలబాబాయ్‌కి చూపించే ముందు దాన్ని అడిగావా?"

"బొమ్మనెవరైనా అడుగుతారా అమ్మా?"

"దానికి సిగ్గుగా ఉండదూ?"

పిచ్చుక బొమ్మ కాళ్ళు ఊపి చూసింది. "కాళ్ళు రానివాళ్ళకి సిగ్గుండదు. నాన్నమ్మ నీతో అందిగా, ఇంకా నీకు సిగ్గేమిటే అని."

కత్తెరమ్మకు గుండెలో ఏదో జారినట్టయింది, ఆ ఇనుప మెట్ల మీద జారినట్టే. పిల్ల తల నిమురుతూ అడిగింది, "నీకు సిగ్గుందా?"

"ఉంది."

"మరి నీ గౌను ఎవరైనా అలా ఎత్తితే ఏం చేస్తావు?"

"కళ్ళు మూసుకుంటా," అంది పిచ్చుక, తెలిసిన లెక్క అప్పజెప్పినట్టు. "నీలాగా."

…అమ్మలకు తెలుస్తుంది ఈ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో. మనం పిల్లలకు ఏమేమో నేర్పామనుకుంటాం, పద్యాలనీ ఎక్కాలనీ. వాళ్ళు నేర్చుకునేది మన మూసుకున్న కళ్ళనుంచి. తను రెండేళ్ళుగా ఓపికనుకున్నది ఈ పసిదానికి పాఠమైపోయింది. రేపు ఇది ఎదుగుతుంది. బస్సుల్లో తిరుగుతుంది, పనికి పోతుంది. ఎవడో చెయ్యి వేస్తాడు. అప్పుడు కూడా కళ్ళు మూసుకుని…

"అత్తయ్యా," అని పిలిచింది. అత్తగారు గరిటెతో వచ్చింది. "నేనొక మాట చెబుతున్నాను, కోపంగా కాదు. ఈ గదికి తలుపు పెట్టేదాకా నాకు స్నానం వద్దు. నన్నెవరూ ముట్టుకోవద్దు."

"ఏం మాటలే అవి? పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి."

"పక్క నేనే మారతాను. కిటికీ ఊచ పట్టుకుంటే ఒళ్ళు తిరుగుతుంది, చూశాను."

"పడితే?"

"పడితే నావే కదా."

అత్తగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె కిందపడింది. "నేను చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరైందన్నమాట. నా చేతి ముద్ద తిని, పీతిగుడ్డలు ఉతికించుకుని, ఇప్పుడు నన్ను ముట్టుకోవద్దంటావా? చేసుకో తల్లీ. నువ్వే చేసుకో. నేనూ చూస్తా."

"మీరు చేసింది నేను మరచిపోతే నా కళ్ళు పోతాయి. కానీ చేసినందుకు నా ఒంటినే తీసేసుకుంటారా?"

అత్తగారు గరిటె తీసుకుంది. వెళ్ళి వంటింటి గోడకెదురుగా, గదివైపు వీపు పెట్టి కూర్చుంది.

* * *

ఆ ఇంట్లో ఇక మాటలు గోడలతోనే. "కొంతమందికి అన్నం అక్కడ పెట్టాను, తింటే తినొచ్చు," అని అత్తగారు పొయ్యితో చెప్పేది. "కొంతమంది తింటున్నారు," అని కత్తెరమ్మ కిటికీతో చెప్పేది. మధ్యలో పిచ్చుక, "కొంతమందికి ఉప్పు చాలలేదట నాన్నమ్మా," అని సొంతంగా కల్పించి చేరవేసేది.

కత్తెరమ్మకు భయం లేదనుకోకండి. ఉంది. అయినా ఊచ పట్టుకుని, పళ్ళు బిగించి, ఒళ్ళు ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పుకునేది. తిరిగిన ప్రతిసారీ చెమటతో పాటు ఏదో తెలియని సంతోషం పట్టేది. తడిగుడ్డతో దుప్పటి కిందే ఒళ్ళు తుడుచుకోవడం నేర్చింది. సగం అందేది, సగం అందేది కాదు. బెడ్‌పాన్ తనే జరుపుకోబోయి ఒకసారి పక్కంతా తడిసింది. భర్త ఇంటికొచ్చేదాకా ఆ తడిలోనే పడుకుంది. అత్తగారు గుమ్మం దాకా వచ్చి చూసింది. కోడలు ఒక్కసారి అడిగితే చాలు, మార్చేసేది. అడగలేదు. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు, ఇద్దరూ తుడుచుకోలేదు.

ఆమె ఊచ పట్టుకుని ఒత్తిగిలితే, భర్త వచ్చి పక్కబట్టలు మార్చాడు. "నీ పంతం నీ ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు.

"నా కత్తెర పెట్టెలో ఉంది. తెచ్చివ్వండి. సూదీ దారం కూడా."

అతను తెచ్చి ఇచ్చాడు. అమ్మ చూస్తుండగా, వంటింటి ముందు నుంచే తెచ్చాడు. అది అతనికి చిన్న పనేమీ కాదు.

ఆమె నైటీల వంకర అంచులు తిన్నగా కత్తిరించి, చీలికలన్నీ మూసి కుట్టేసింది. ముందువైపు మెడనుంచి కిందిదాకా తెరిచి, గుండీలు పెట్టింది. తన చేతికి అందే గుండీలు. వెయ్యాలన్నా తియ్యాలన్నా తనకే వీలు. చివర్లో బొమ్మ గౌను కూడా కుట్టింది.

ఆ తర్వాత ఒక పొద్దున్న దుప్పటి జారి పాదాలు బయటపడ్డాయి. కాఫీ గ్లాసు పెట్టడానికి వచ్చిన అత్తగారు కొయ్యబారిపోయింది.

"మడమ ఎర్రబడింది." గోడతో కాదు, కోడలితోనే అంది. "ఎర్రబడిందే… అయ్యో, అయ్యయ్యో…" అని చెయ్యి చాపి, సగంలో ఆపేసుకుంది.

కత్తెరమ్మ, "అద్దం ఇవ్వండి," అంది.

"అద్దమెందుకే ఇప్పుడు?"

"నా మడమ నేను చూసుకుంటాను. ఇంటికొచ్చిన వాళ్ళంతా చూశారు, నేనే చూడలేదు."

అత్తగారు అద్దం తెచ్చింది. కోడలు ఊచ పట్టుకుని లేచి కూర్చుని, గోడకు ఆనుకుని, అద్దాన్ని వంచి చూసింది. పీలగా మారిన తన కాలు, తన మడమ, దానిమీద రూపాయంత ఎరుపు. ఎన్నాళ్ళకు చూసింది… దూరపు చుట్టాన్ని చూసినట్టుంది. "చర్మం చిట్లలేదు. కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉంచితే తగ్గుతుంది. పెడతారా అత్తయ్యా? నేనే అడుగుతున్నాను."

అత్తగారు దిండు పెట్టింది. పెట్టి, మంచం కోడు పట్టుకుని నేలమీద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మా అమ్మ కూడా ఇలాగే మంచాన పడింది. నాకప్పుడు పెళ్ళి కూడా కాలేదు. ఎంత చేసినా వీపంతా పుండ్లు. చూడ్డానికొచ్చిన వాళ్ళు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, కూతురు చూడలేదు, పట్టించుకోలేదు, అన్నారు. చచ్చిపోయాక కూడా అన్నారు. నేను నిద్రపోలేదే ఆ రోజుల్లో. ఎవరు నమ్మారు? అందుకే… నీ విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని, వాళ్ళు అడక్కముందే నేనే చూపిస్తాను."

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కత్తెరమ్మ కళ్ళు నిండాయి. వంగి అత్తగారి తలమీద చెయ్యి వేసింది. చేతికింద ఆ నెరిసిన జుట్టు ఎంత పలచగా ఉందో…

"కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం అత్తయ్యా. పెట్టాలన్నా, దానికి నా ఒళ్ళే దొరికిందా?"

అత్తగారు ముక్కు చీదుకుని, బేరానికొచ్చింది. "పిల్ల కోసమే కదా నీ బాధ. దానికి నేను చెబుతాలే, బొమ్మని అలా చూపించకూడదని. సరేనా? ఇక వేణ్ణీళ్ళు పెట్టి స్నానం చేయిస్తా."

ఆ వేణ్ణీళ్ళ మాటకు కత్తెరమ్మ ఒళ్ళంతా లాగింది. ఎన్నాళ్ళయిందో స్నానం చేసి. సరే అంటే పోయేది. అందరూ నవ్వుతారు, ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది…

"పిల్ల కోసం కాదు అత్తయ్యా. మొదట అలాగే అనుకున్నాను. పిల్ల లేకపోయినా ఇదే మాట. నా కోసమే. తలుపు పెట్టాకే స్నానం."

అత్తగారు ఆమెవైపు చూసింది, ఆ మంచం మీద ఒక మనిషిని కొత్తగా చూస్తున్నట్టు. లేచింది. వసారాలోకి వెళ్ళింది. గిన్నెలు దబదబా కింద పెడుతున్న చప్పుడు. తర్వాత కేక.

"ఒరేయ్! పనికి తర్వాత పోదువు గానీ, ఇటురా. ఈ తలుపు ఒక్కదాన్నీ లేపలేకపోతున్నా."

* * *

నీళ్ళు పీల్చి తలుపు కింది అంచు ఉబ్బిపోయింది. అతను ముంగిట్లో చిత్రిక పట్టాడు. తెల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే పిచ్చుక ఏరుకుని చెవులకు పెట్టుకుంది. లోపలికి తెరుచుకుంటే కదా మంచానికి తగిలేది, బందులు బయటివైపు వేసి, బయటికి తెరుచుకునేలా బిగించాడు. పొద్దెక్కకముందే అయిపోయింది.

"ఇంత చిన్న పనా?" అంది ఆమె.

అతను స్క్రూడ్రైవరు వంకే చూస్తూ అన్నాడు. "చిన్నదే. నువ్వు అడుగుతూనే ఉన్నావు. నేనే… అమ్మని అడగలేకపోయాను."

"గడియ కూడా కావాలి."

"గడియా? లోపల ఏమైనా అయితే?" అని అత్తగారు అడ్డుపడింది.

అతను చెక్కతో చిన్న గడియ చేసి, దానికి తాడు కట్టి, కొక్కేల మీదుగా మంచం దాకా లాగాడు. తాడు లాగితే గడియ లేస్తుంది, వదిలితే పడుతుంది. కత్తెరమ్మ లాగి చూసింది, వదిలి చూసింది. టక్. ఆ చప్పుడు ఆమెకు ఎంత తియ్యగా ఉందంటే, మళ్ళీ మళ్ళీ లాగింది.

"బయటికీ ఒక తాడు ముక్క వదలండి," అంది చివరికి. "అత్తయ్య భయం కూడా నిజమే. కానీ తట్టి, పిలిచి, నేను పలక్కపోతేనే లాగాలి."

ఆ తర్వాత వేణ్ణీళ్ళు వచ్చాయి. తలుపు మూసుకుంది.

"వీపు మీరు రుద్దండి. కాళ్ళు కూడా, అవి నాకందవు. మిగతాది నేనే. ఎక్కడ చెయ్యి వేస్తున్నారో చెప్పి వెయ్యండి."

"చెప్పి వెయ్యాలట. మహారాణి," అని గొణిగింది అత్తగారు. గొణుగుతూనే అంది, "ఇదిగో… ఎడమ భుజం. రుద్దనా?"

"రుద్దండి."

బయట పొయ్యిమీద పాలు పొంగిన వాసన వచ్చింది. అత్తగారు ఒకసారి తలుపువైపు చూసింది. లేవలేదు.

* * *

రేడియో అత్త ఊరుకుంటుందా. తలుపు సంగతి, పంతం సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. ఒక మధ్యాహ్నం తన ఇద్దరు తోడికోడళ్ళను వెంటేసుకుని దిగింది.

"ఏం వదినా, కోడలు నిన్ను గుమ్మం బయట నిలబెట్టిందటగా? పుండ్లు కూడా పడ్డాయని విన్నాను, నిజమేనా? వీళ్ళు కూడా చూస్తామంటే తీసుకొచ్చా."

లోపల కత్తెరమ్మకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. కానీ ఇప్పుడు మధ్యలో చెక్క ఉంది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి తాడు దగ్గరికి వెళ్ళి ఆగింది. రేడియో అత్త ముందు, ఆ ఇద్దరి ముందు, అత్తగారికి పాత పతకం గుర్తొస్తే? బయటి తాడు ఒక్కసారి లాగితే చాలు…

తలుపు మీద వేళ్ళు తట్టిన చప్పుడు.

"ఎవరు?"

"నేనే. మీ రేడ… మీ అత్త వచ్చింది. ఇద్దరు చుట్టాలు కూడా. నిన్ను చూస్తామంటున్నారు. రమ్మనేదా?"

కత్తెరమ్మ చేస్తున్న పనంటూ ఏమీ లేదు. ఒడిలో మధ్యలో ఆగిన కుట్టుపని ఉంది, కిటికీలో ఎండ ఉంది. తలారా స్నానం చేసింది, గుండీలన్నీ పెట్టుకుని ఉంది, మడమ ఎరుపు కూడా తగ్గింది. రమ్మంటే నష్టమేమీ లేదు. దాక్కోవలసిందీ ఏమీ లేదు.

"ఇప్పుడు కాదు అత్తయ్యా," అంది.

తలుపు అవతల గాజులు కదిలిన చప్పుడు. ఆమె గడియ వంకే చూసింది. అప్పుడు అత్తగారి గొంతు, కొంచెం ఇబ్బందిగా, ఆపైన మెల్లగా గట్టిపడుతూ, వినబడింది.

"ఇప్పుడు కాదట."

"కాదంటే ఏమిటి వదినా? మనం పరాయివాళ్ళమా?"

"కాదంటే కాదనే. ఎందుకని నేనడగలేదు, నువ్వూ అడక్కు."

"మరి ఆ పుండ్లు…"

"దాని ఒంటి సంగతి దాన్నడుగు. చెప్పాలనుకుంటే చెబుతుంది. రండి, వంటింట్లో కూర్చోండి. టీ పెడతాను." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. మళ్ళీ తట్టింది. "ఏమే, నీకూ పెట్టనా టీ?"

"పెట్టండి," అంది కత్తెరమ్మ, "చక్కెర కాస్త ఎక్కువ." సూదిలోకి దారం ఎక్కించడానికి కళ్ళు చిట్లించింది గానీ, మూసుకోలేదు.